ఏడు జడలు, ఎర్ర దారం

2 డిసెంబర్ 2022, శుక్రవారం

నాకేమీ కోపం లేదు. జరిగింది రాసి పెట్టుకుంటున్నాను, అంతే.

పొద్దున మా అమ్మాయి నాన్సీ నరసాపురం ఫ్యాక్టరీ బస్సు ఎక్కబోతూ ఒక మాట చెప్పింది. జనవరిలో పెళ్ళి రోజున చర్చిలో తన చేయి పట్టుకుని నడిపించమని రోనాల్డ్ మామను అడిగిందట. కన్నతండ్రిని నేనుండగా మేనమామ ఎందుకు అని అడిగాను. నా తల వైపు ఒకసారి చూసింది. అంతలో కంపెనీ బస్సు హారన్ కొట్టింది, వెళ్ళిపోయింది.

నా తలకు ఏమైంది? ముందర బట్టతల, నిజమే. వెనక మాత్రం నడుం దాకా ఉంది. 2001లో మా బంగారు గని ఆగినప్పుడు, ఆఖరి షిఫ్టు చేసి పైకి వచ్చిన రోజు, నలభై ఇద్దరం గనిలోకి దిగే షాఫ్ట్ దగ్గర నిలబడి ఒట్టు పెట్టుకున్నాం. షిఫ్టు సైరన్ మళ్ళీ మోగేదాకా జుట్టు కత్తిరించుకునేది లేదని. ఈస్టర్ పండుగకే సగం మంది మంగలి దగ్గర కూర్చున్నారు. ఆ ఏడు క్రిస్మస్‌కు నేనొక్కడినే మిగిలాను. అందరికంటే ముందు మాట తప్పింది మా బావమరిది రోనాల్డ్. పదకొండో రోజునే. వాడికి అప్పటికే నెత్తిన పెద్దగా ఏమీ లేదు కాబట్టి ఒట్టుకు కలిగిన నష్టం కూడా తక్కువే.

నేనూ కత్తిరించుకుంటే గని మూసినట్టే. ఇంత చిన్న సంగతి ఇంట్లో ఎవరికీ అర్థం కాదు.

సాయంత్రం ప్రిన్స్ వచ్చాడు. కుర్రవాడు, నాన్సీ పనిచేసే ఫ్యాక్టరీలోనే ఉద్యోగం, ఆదివారాలు మా చర్చిలో పిల్లలకు పాఠం చెబుతాడు. క్రిస్మస్ మరునాడు లైన్ల మధ్య నాటకాల పోటీ ఉంది. గనివాళ్ళ ఇళ్ళు వరసలుగా కట్టారు కాబట్టి ఒక్కో వరసా ఒక లైన్, ఒక్కో లైన్‌కు ఒక నాటకం. మా లైన్ నాటకం వాడే రాశాడు. లోకరక్షకుడు పుట్టేదాకా తల కత్తిరించనని ఒట్టు పెట్టుకున్న ఒక ముసలి గొర్రెల కాపరి కథ. జుట్టంతా జడలు కట్టి ఉంటుంది. చివరికి పశువుల పాకలో బిడ్డను చూసి, పెళ్ళాం చేత జడలు కత్తిరింపించి, బిడ్డ కింద మెత్తగా పరుస్తాడు. ఆ వేషం నేనే వేయాలట.

కథ ఎక్కడి నుంచి తెచ్చావని అడిగాను. ఊరికే తోచిందన్నాడు. నాకూ ఎక్కడా విన్నట్టు అనిపించలేదు.

3 డిసెంబర్

వేయనని చెప్పేశాను.

4 డిసెంబర్, ఆదివారం

వేస్తానని చెప్పాను. నేను కాదంటే ఆ వేషం రోనాల్డ్‌కు పెడతారట, సవరం పెట్టి. నా కూతుర్ని నడిపించేదీ వాడే, నా ఒట్టు ఆడేదీ వాడేనా? వాడికి సత్రం యజమాని వేషం చాలు. తలపాగా ఉంటుంది.

ఒక్క షరతు పెట్టాను. నా అసలు జుట్టు ఒక్క వెంట్రుక తెగకూడదు. ప్రిన్స్ బైబిల్ మీద చేయి పెట్టబోయాడు, వద్దన్నాను.

8 డిసెంబర్, గురువారం

బంగారుపేటలో నా మోటారు వైండింగ్ షాపుకు ఎదురుగానే ఉన్ని దొరుకుతుంది. నల్లవి నాలుగు ఉండలు, బూడిద రంగువి రెండు కొన్నాను. ప్రిన్స్ ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. జుట్టును పాయలుగా తీయాలి, దువ్వెనతో చివరి నుంచి కుదుళ్ళ వైపు వెనక్కి దువ్వి చిక్కు పెట్టాలి, ఉన్ని చుట్టాలి, అరచేతుల మధ్య నలపాలి. అంతే కదా అనుకున్నాను. ముప్పై ఏళ్ళుగా రాగి తీగ చుడుతున్న చెయ్యి నాది. గనిలో నీళ్ళు తోడే పంపులు ఆగిపోతే భూమి లోపల కూర్చుని చీకట్లో చుట్టినవాడిని.

షాపు షట్టర్ సగం దించి మొదలుపెట్టాను. చుట్టిన ఉన్ని చుట్టినట్టే జారి ఒళ్ళో పడింది. మళ్ళీ చుట్టాను, మళ్ళీ పడింది. ఆరోసారికి జడ నిలిచింది గానీ అందులో నా చూపుడువేలు కూడా ఉండిపోయింది. మిక్సీ బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒకామె షట్టర్ కింద నుంచి తొంగి చూసి, మిక్సీ అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

10 డిసెంబర్, శనివారం

ఇవాళ పెద్ద రోజు. మెల్లగా రాస్తాను.

మధ్యాహ్నం నా పాట్లు గుమ్మంలో నిలబడి చూసి చూసి, మా ఆవిడ లూర్దమ్మ దువ్వెన లాక్కుంది. స్కూల్లో ఆయా పని చేసే మనిషి, రోజుకు పదిమంది పిల్లలకు జడలు వేస్తుంది. కొబ్బరినూనె పెట్టిన తల మీద ఉన్ని ఎట్లా నిలుస్తుందని అడిగింది. వీడియోలోవాళ్ళు నూనె సంగతి చెప్పలేదు. ఆ దేశంలో ఎవరూ నూనె రాసుకోరేమో.

వేణ్ణీళ్ళు కాచి, సీకాయతో రెండుసార్లు రుద్ది, ఎండలో స్టూల్ వేసి కూర్చోబెట్టింది. ఉన్నంతలో ఏడు పాయలే వచ్చాయి. ఒక్కో పాయనూ చిక్కుపెట్టి, పొడుగు జుట్టును పైకి మడిచి లోపల దాచింది. దాని చుట్టూ ఉన్ని బిగించి చుట్టి, మిగతా పొడవంతా వట్టి ఉన్నితో అల్లింది. నా జుట్టు ఎక్కడ అయిపోతుందో అక్కడ ఎర్ర దారం కట్టింది. దారానికి కింద కోస్తే ఉన్ని, పైన కోస్తే నేను. ఆమె పద్ధతి నా వైండింగ్ కంటే బాగుందని ఒప్పుకుంటున్నాను. ఇక్కడ మాత్రమే ఒప్పుకుంటున్నాను.

మూడో జడ దగ్గర నాకు కునుకు పట్టింది. అరచేతుల మధ్య పెట్టి నలుపుతుంటే తలంతా హాయిగా ఉంది. ఈ జుట్టు మీద ఆమె చేయి పడి ఎన్నాళ్ళయిందో అప్పుడు గుర్తొచ్చింది. మాటవరసకు, యాల ఇన్నాళ్ళూ నా తల ముట్టలేదు అని అడిగాను.

చేతులు ఆగాయి. "నేను గూడా ఒట్టు పెట్టుకున్నాను, నీకు తెలీదు" అంది. "గని మూసినాక నువ్వు ఆర్నెల్లు ఆ గేటు కాడ కూర్చున్నావు. నేను దినామూ క్యారియర్ తెచ్చి ఇస్తా ఉంటి. ఆ జుట్టును చూసి చూసి బేజారయింది. ఇది ఉండేదాకా దీని మీద చేయి పెట్టేది లేదు అనుకున్నాను."

గని ఆగినాక అనాలి, మూసినాక కాదు అన్నాను.

నెత్తిన ఒక్కటి మొట్టి, నాలుగో పాయ తీసింది. మరి ఒట్టు ఏమైందని అడిగాను. పోయిందంది. పోతే ఏమీ కాలేదు కదా అని కూడా అంది.

ఇరవై ఒక్క ఏళ్ళ ఒట్టు, ఎండలో స్టూల్ దగ్గర నిలబడి తీసేసింది. ఎవరినీ సాక్షిగా కూడా పిలవలేదు. నాకు చాలా సంతోషం వేసింది. ఎందుకో రాయడం చేతకావడం లేదు.

11 డిసెంబర్

బరువు. దురద. పక్కకు తిరిగితే నా జడల మీద నేనే పడుకుంటున్నాను. గోక్కోమని లూర్దమ్మ స్వెటర్ అల్లే సూది ఇచ్చింది. స్వర్గం.

13 డిసెంబర్, మంగళవారం

ఇది చర్చిలో ఎవరికీ తెలియకూడదు.

పొద్దున గుమ్మంలో కూర్చుని కాఫీ తాగుతున్నాను. లుంగీ, భుజాన తువ్వాలు, ఏడు జడలు. పాలు పోసే చిన్నవెంకటమ్మ వచ్చింది. పక్క పల్లె మనిషి, పన్నెండేళ్ళుగా మా లైన్‌కు పాలు పోస్తోంది, ఏనాడూ నన్ను పలకరించింది లేదు. నన్ను చూసి పాలక్యాను కింద పెట్టింది. చెప్పులు విడిచింది. వంగి దండం పెట్టింది.

ఆమె పల్లెలో తల జడలు కట్టిందంటే అమ్మవారు వచ్చినట్టు. "ఎప్పుడు వచ్చిందప్పా నీ మీదికి అమ్మ?" అని మెల్లగా అడిగింది. ఉన్ని అని చెప్పి ఉండాల్సింది. చెప్పబోయాను కూడా. కానీ ఇన్నేళ్ళలో ఈ జుట్టుకు దండం పెట్టింది ఈమె ఒక్కతే. శనివారం అన్నాను. అది అబద్ధం కాదు.

అప్పుడు ఆవు సంగతి అడిగింది. నెలలు నిండి పది రోజులు దాటాయట, ఈనడం లేదు, మొగుడు ఆవులప్ప అన్నం మానేసి దాని పక్కనే కూర్చుంటున్నాడట. ఎప్పుడు ఈనుతుందో చెప్పమంది. శుక్రవారం అనేశాను. నోటికి అదే వచ్చింది.

డబ్బు తీసుకోకుండా ఒక లీటరు ఎక్కువ పోసి, వెనక్కి నడుచుకుంటూ వెళ్ళింది. లూర్దమ్మ తలుపు వెనక నుంచి అంతా విన్నది. తలుపు పట్టుకుని నవ్వింది, నేల మీద కూర్చుని నవ్వింది, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆమె అట్లా నవ్వడం నేను చూసి చాలా ఏళ్ళయింది. తండ్రా, కుమారుడా, అమ్మవారా, నీ నెత్తి మీద ఎవరు ఉండారో ఇప్పుడైనా చెప్పు అంటూ మళ్ళీ నవ్వింది.

15 డిసెంబర్

రేపు శుక్రవారం. వెనక గుమ్మం గుండా షాపుకు వెళ్దామనుకుంటున్నాను.

16 డిసెంబర్, శుక్రవారం

ఈనింది! తెల్లవారుజామున, పెయ్య దూడ!

చిన్నవెంకటమ్మ జున్నుపాలు తెచ్చింది. లైన్ అంతా జున్ను తిన్నాం. ఇక ఆగలేక నిజం చెప్పేశాను. ఆమె దగ్గరకు వచ్చి ఒక జడ వేళ్ళతో నలిపి చూసింది, ఉన్నే అని తేల్చుకుంది. కోపగించుకుంటుందని చూశాను. కోపం రాలేదు.

"ఉన్ని అయితే ఏమప్పా, లోపల ఉండేది నీ వెంట్రుకే కదా" అంది. "తీసేటప్పుడు మాత్రం సుమ్నే తీయద్దు. ఎవురు ఇచ్చినారో వాళ్ళ అప్పణ అడుగు."

సుమ్నే అంటే ఊరికే, అప్పణ అంటే దేవత ఇచ్చే సెలవు. ఆమె పుట్టింటి ఊళ్ళో ఒకామెకు జడలు కడితే, తీసే ముందు గుడిలో అమ్మవారి తల మీద పువ్వు పెట్టి అడిగారట. కుడివైపు రాలితే సరేనన్నట్టు. మూడు రోజులు కూర్చుంటే అప్పుడు రాలిందట.

మనకు అట్లాంటి నమ్మకాలు లేవు. నాకు ఈ జుట్టు ఇచ్చింది ఎవరు అని మాత్రం సాయంత్రం దాకా అదే ఆలోచన. మోటారు ఒకటి రెండుసార్లు తప్పు చుట్టాను.

17 డిసెంబర్

షాఫ్ట్ దగ్గరికి వెళ్ళలేదు. నేనెందుకు వెళ్తాను?

18 డిసెంబర్, ఆదివారం

చర్చిలో పూజ అయ్యాక వెళ్ళాను. ఊరికే, నడకకు.

గేటుకు తాళం. కంచె లోపల తుమ్మచెట్లు మనిషెత్తు పెరిగాయి. పైన, మమ్మల్ని గనిలోకి దించిన ఆ పెద్ద చక్రం తుప్పు పట్టి అట్లాగే ఉంది. జడల మీద కప్పుకున్న తువ్వాలు తీసి, ఎవరూ లేరని చూసుకుని, అడిగాను. ఏమని అడిగానో రాయను. ఒక అరగంట నిలబడ్డాను.

కాపలా ఉండే నంజుండప్ప వచ్చాడు. నాకంటే చిన్నవాడు, పదేళ్ళుగా నన్ను ఆ కంచె దగ్గర చూస్తున్నాడు. జడల గురించి ఏమీ అడగలేదు. "ఆదివారం గూడా యాల వచ్చినావు అన్నా? ఇంటికి పో" అన్నాడు.

గని ఏమీ చెప్పలేదు. కుడివైపు ఏదీ రాలలేదు. నంజుండప్ప తప్ప ఎవరూ మాట్లాడలేదు. కాబట్టి అప్పణ రాలేదని రాసుకుంటున్నాను. అనుకున్నట్టే ఎర్ర దారం కిందే కోయాలి.

22 డిసెంబర్, గురువారం

నాన్సీకి సెలవు. నా వెనక జడ ఒకటి వదులైతే తనే బిగించడానికి కూర్చుంది. ఇదే సమయమని, నా జుట్టు ఫొటోలో బాగుండదనే కదా నీ బాధ, టోపీ పెట్టుకుంటానన్నాను.

జడ నలుపుతూనే చెప్పింది. "ఫొటో గురించి కాదప్పా. నువ్వు ఇంట్లో ఉంటావు గానీ చెవులు ఆ సైరన్ కాడే ఉంటాయి. నా చేయి పట్టుకుని నడిచేటప్పుడు గూడా నువ్వు యాడో ఉంటావని నాకు భయం."

నేను ఇక్కడే ఉన్నానన్నాను. తను నా తల మీద ముద్దు పెట్టింది, బట్టతల ఉన్న వైపు. రోనాల్డ్ మామను వద్దని మాత్రం చెప్పలేదు.

నాకేమీ బాధ లేదు.

23 డిసెంబర్

ఉంది.

25 డిసెంబర్

క్రిస్మస్. బిర్యానీ. రోనాల్డ్ పెళ్ళికి కొత్త కోటు కుట్టించుకున్నాడు, వేసుకుని మూడిళ్ళు తిరిగాడు. మా ఇంటికి రెండుసార్లు వచ్చాడు.

26 డిసెంబర్, సోమవారం

ఇది ఇప్పుడే రాయాలి.

కాపరి పెళ్ళాం వేషం మోనికాది, తనూ ఆ ఫ్యాక్టరీలోనే పని. నరసాపురం నుంచి ఆమె వచ్చే బస్సుకు దారిలో టైరు పంక్చరైంది. ఆరింటికి మా వంతు. ఐదున్నరకు ప్రిన్స్ ఏడుపు మొహంతో మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. ఎక్కడ ఉన్ని, ఎక్కడ జుట్టు తెలిసిన మనిషి ఒక్కతే ఉంది కదా అన్నాడు. లూర్దమ్మ కుక్కర్ దించి, కంబళి కప్పుకుని, కుట్టుమిషన్ మీది పెద్ద కత్తెర తీసుకుని బయలుదేరింది. నాటకం మాటలు ఎట్లా అని నేనంటే, ఇన్ని రోజులుగా నీ చేత వల్లె వేయించింది నేనే కదా అంది.

చర్చి ముందు పందిట్లో జనం కిక్కిరిసి ఉన్నారు. ముందు వరసలో పాత షిఫ్టువాళ్ళు, ఆ నలభై ఇద్దరిలో మిగిలినవాళ్ళు పదిహేను మంది దాకా ఉంటారు. చివర చిన్నవెంకటమ్మ, ఆవులప్ప కూడా నిలబడి ఉన్నారు. నేను జడలతో మెట్లెక్కగానే ఈలలు. ఒప్పుకోవాలి, బాగా ఆడాను. మాటలు ఒక్కటి మరిచిపోలేదు. రోనాల్డ్ రెండు మరిచిపోయాడు.

పశువుల తొట్టిలో మూడో లైన్‌వాళ్ళ ఐదు నెలల పాపను పడుకోబెట్టారు. నేను మోకాళ్ళూని వంగాను. ఆ పాప పడుకోవాల్సింది పోయి, చెయ్యి చాపి నా జడ ఒకటి పట్టుకుంది. వదలలేదు. జనం నవ్వుతున్నారు. నాకు నాన్సీ గుర్తొచ్చింది. గని ఆగినప్పుడు దానికి ఐదేళ్ళు. నేను గేటు దగ్గర ఉన్నప్పుడు అది ఏమేం పట్టుకుందో, ఎవరి చేయి పట్టుకుందో, నాకు ఒక్కటీ తెలియదు. తల ఎత్తి చూశాను. నాన్సీ రెండో వరసలో, కాబోయే మొగుడి పక్కన ఉంది. నేను నిజంగా ఇక్కడ ఉన్నానా అన్నట్టు నా కళ్ళలోకి చూస్తోంది.

లూర్దమ్మ వెనక నుంచి వచ్చి మొదటి జడ పట్టుకుంది. కత్తెర తెరిచింది. అక్కడ ఆమె మాట ఒకటి ఉంది, "ఎదురుచూసింది చాలు, వచ్చినాడు చూడు" అని. ఆ మాట అంది. తర్వాత వంగి, నాటకంలో లేనిది, నా చెవి దగ్గర మెల్లగా, ఇంట్లో పిలిచినట్టే పిలిచి అడిగింది.

"నాన్సీ అప్పా. దారానికి కిందనా, పైనా?"

ఆమె ఎందుకు అడిగిందో నాకు తెలియదు. నేను నాన్సీ వైపు చూడడం చూసిందేమో. ఆ చక్రం కనిపించింది, తాళం కనిపించింది. ఇంటికి పో అన్న నంజుండప్ప కనిపించాడు.

"పైన" అన్నాను.

"సరిగ్గా చెప్పు. మళ్ళీ అతికించేకి కాదు."

"పైనే, లూర్దూ."

పాప ఏడుపు వినిపించాలని ప్రిన్స్ తొట్టికి మైకు కట్టాడు. ఆ సంగతి మా ఇద్దరికీ గుర్తు లేదు. ప్రతి మాటా పందిరంతా వినిపించింది.

కత్తెర చప్పుడు కూడా వినిపించింది. అసలు జుట్టు తెగేటప్పుడు ఉన్నిలా మెత్తగా తెగదు, కరకరమంటుంది. ఒకటి. రెండు. మూడోదాని దగ్గర ముందు వరసలో ఎవరో లేచారు. తర్వాత ఒక్కొక్కరూ లేచారు, ఆ పాత షిఫ్టువాళ్ళంతా. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. లేచి నిలబడ్డారు, అంతే. స్టేజి మీద రోనాల్డ్ తన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. వాడి బట్టతల లైటుకు మెరిసింది. నాకు నవ్వొచ్చింది, నా నవ్వు కూడా మైకులో పడింది, దాంతో పందిరంతా నవ్వింది. ఏడుస్తూ నవ్వినవాళ్ళను నేను చూశాను. నేనూ వాళ్ళలో ఒకడిని.

ఏడు జడలూ పాప కింద పరిచాం. నా జుట్టూ, ఆమె అల్లిన ఉన్నీ కలిసే ఉన్నాయి. పాప పట్టుకున్న జడను చివరిదాకా వదలలేదు.

దిగి రాగానే నాన్సీ వచ్చి నా చేయి పట్టుకుంది. రోనాల్డ్ వచ్చి, కోటు దండగయిందే బావా అన్నాడు. వేసుకుని మొదటి వరసలో కూర్చోమన్నాను.

మాకు రెండో బహుమతి. మొదటిది రెండో లైన్‌కు ఇచ్చారు. వాళ్ళ దగ్గర నిజం గొర్రె ఉంది.

27 డిసెంబర్, మంగళవారం

పొద్దున చిన్నవెంకటమ్మ పాలు పోస్తూ అప్పణ ఎవరిచ్చారని అడిగింది. డైరీ తీసి వెనక్కి చూశాను.

18వ తేదీన తప్పు రాశాను. అప్పణ రాలేదని రాశాను. నంజుండప్ప ఇంటికి పో అన్నాడు.

ఇంకొకటి కూడా దిద్దాలి. మొదటి నుంచీ గని ఆగినప్పుడు, ఆగినప్పుడు అని రాస్తూ వచ్చాను. ఆగలేదు. 2001లో గని మూసేశారు.

రాశాను. ఏమీ కాలేదు. లోపల కుక్కర్ కూత వేస్తోంది.

తలకు చలిగా ఉంది. లూర్దమ్మ మిగిలిన ఉన్నితో టోపీ అల్లుతోంది. కొలతకని గంటకోసారి నా తల పట్టుకుని చూస్తోంది. ఇంత చిన్న తలకు అన్నిసార్లు కొలత అక్కరలేదని ఇద్దరికీ తెలుసు.

4 జనవరి 2023, బుధవారం

నాన్సీ గుమ్మంలో తెల్ల పెళ్ళిచీరలో నిలబడి పిలుస్తోంది. రాయడానికి తీరిక లేదు.